దామెర్ల రామారావు

గోదావరీ తీరమునందలి రాజమహేంద్రవరము కవులకును పండితులకును పుట్టినిల్లు. ఆదికవి నన్నయ మహాభారతమును తెనిగింప బూనినది అచ్చటనే. ఆ పట్టణమున 1897వ సంవత్సరమున దామెర్ల రామారావు జన్మించెను. ఆంధ్రదేశమున ఆధునిక చిత్రకళకు మార్గము చూపినవారిలో అతడు అగ్రగణ్యుడు.

బాల్యమునుండియు రామారావునకు బొమ్మలు గీయుటయందు మిక్కిలి మక్కువ. ఆ రోజులలో చదువనగా ఉద్యోగమునకు సోపానము. చిత్రలేఖనమును జీవనాధారముగా నెంచినవారు అరుదు. ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కంటబడుట ఆ బాలుని అదృష్టము. ఆయన ఆంగ్లేయుడు, రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడు, స్వయముగా కవి, చిత్రకారుడు. సముద్రమును, ఓడలను చిత్రించి పేరొందిన చిత్రకారులు ఎందరో పుట్టిన దేశమునుండి వచ్చియు, ఆయన భారతీయ కళను గౌరవించెను. అజంతా చిత్రముల గొప్పతనమును శిష్యులకు తెలియజెప్పెను. ఆయన ప్రోత్సాహముననే రామారావు 1916లో బొంబాయి చేరి, జె.జె. చిత్రకళాశాలలో ప్రవేశించెను.

1920లో అచ్చటి విద్య ముగిసెను. పిమ్మట రామారావు గుజరాతు, కాఠియావాడ ప్రాంతములలో సంచరించి, అచ్చటి జనుల వేషభాషలను, ఆచారములను పరిశీలించెను. బొంబాయి మహానగరము, కళాకారునకు కీర్తియు ధనమును లభించు చోటు. అయినను అతని మనస్సు గోదావరినే కోరెను. తాను నేర్చిన విద్య తన జనులకు ఉపకరింపవలెనని స్వస్థలమునకు మరలివచ్చెను.

అతని కుంచెనుండి పుష్పాలంకరణము, నంది పూజ, సిద్ధార్థ రాగోదయము మొదలగు చిత్రములు వెలువడెను. తూర్పు కనుమల నడుమ ప్రవహించు గోదావరినిగూడ అతడు చిత్రించెను. ఋష్యశృంగ బంధనమను చిత్రము 1922లో కలకత్తా ప్రదర్శనమున రాజప్రతినిధి బహుమానము నందెను. 1924లో లండనునందలి వెంబ్లీ ప్రదర్శనమునకును అతని చిత్రములు చేరెను.

ఇంత కీర్తి వచ్చినను రామారావు తన చిత్రములతో తృప్తి చెందలేదు. రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పి, యువకులకు శిక్షణ నొసగెను. భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. స్త్రీలు గడప దాటుటయే అరుదైన ఆ కాలమున అది సామాన్య విషయము కాదు.

మొక్క చిగిర్చినంతలోనే పిడుగు పడెను. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరువది యెనిమిదవ యేట రామారావు మరణించెను. నేడు ఆ వ్యాధి భూమిపై లేదు. అది నిర్మూలమైనదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. 1919లోనే స్వదేశమునకు మరలిన కూల్డ్రే దొర 1958 వరకు జీవించెను. శిష్యుని మరణవార్త వినవలసివచ్చుటకంటె గురువునకు వేరు దుఃఖమేమి?

అయినను రామారావు నాటిన మొక్క వాడిపోలేదు. మిత్రుడు వరద వెంకటరత్నము ఆ కళాశాల భారమును వహించి, ఎందరికో విద్య నేర్పెను. రామారావు చిత్రములు రాజమహేంద్రవరమున అతని పేరనున్న చిత్రశాలలో భద్రముగా నున్నవి. ఆయుర్దాయము మనచేతిలో లేదు. మనకు లభించిన విద్యను పదిమందికి పంచుట మాత్రము మనచేతిలోనిదే. రామారావు జీవితము నేర్పు పాఠమిదియే.