మూడే మూడు నియమాలు.. ఊరంతా గుర్తుపట్టేలా చేశాయి! ఎవరీ ఎర్రగుంట్ల పేరయ్య?

• తోళ్ల వ్యాపారి.. యోగ గురువు.. ఆ తర్వాత క్రైస్తవ బోధకుడు
• 1867లో చింతతోపులో 28 మందితో మొదలు.. 1878లో ఒక్కరోజే 2,222 మంది
• మాటలతో కాదు, బతుకుతో విశ్వాసాన్ని చూపించిన తరం కథ

ఒంగోలు: మిర్చి కోతలు, పత్తి తీతలు జోరుగా సాగే రోజుల్లో కూడా గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఆదివారం పొద్దున్నే చర్చి మైకులు మోగుతాయి. ఉతికిన బట్టలు కట్టుకుని, చేతిలో బైబిల్ పట్టుకుని వెళ్తుంటే.. అడక్కుండానే వాళ్లెవరో ఊళ్లో తెలిసిపోతుంది. ఇప్పుడు ఇది మామూలు విషయమే. కానీ 150 ఏళ్ల కిందట ఇదే ప్రాంతంలో ఒక కూలీ కుటుంబం ఆదివారం పనికి రానని చెప్పడమంటే.. తిండి, నీళ్లు, వీపు మూడూ పణంగా పెట్టడమే.

అలాంటి రోజుల్లో ముందు నడిచిన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు బాప్టిస్టు సంఘాల చరిత్రలో ఈ పేరు లేకుండా మొదటి పేజీ ఉండదు. బయట మాత్రం తెలిసినవాళ్లు తక్కువే. ఇంతకీ ఎవరాయన? ఏం చేశారు?

తోళ్ల మూటలు.. మనసులో వెతుకులాట

పేరయ్య మాదిగ కులస్తుడు. ఒంగోలుకు పడమట దాదాపు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. తోళ్లు కొని అమ్మడం ఆయన వృత్తి. ఆ వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవారు. అప్పట్లో పల్లె దాటి వెళ్లే అవకాశమే లేని మనుషుల మధ్య, నాలుగు జిల్లాల మాటలు చెవిన పడే మనిషి ఆయన.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. క్రైస్తవం గురించి వినకముందే పేరయ్య యోగ మార్గంలో ఉన్నారు. ఆ కాలంలో మాదిగ పల్లెల్లోకి రాజయోగం బోధించే గురువులు వచ్చేవారు. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు, రాళ్లకు మొక్కక్కర్లేదు అనేది ఆ బోధ సారాంశం. పేరయ్య అలాంటి గురువుల దగ్గర శిష్యరికం చేశారు. తర్వాత ఆయనకే శిష్యులు తయారయ్యారు. అంటే, అప్పటికే ఆయన మాట వినేవాళ్లు పల్లెల్లో ఉన్నారన్నమాట. అయినా ఆయనలో వెతుకులాట ఆగలేదు.

వ్యాపారం పని మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఆయన క్రైస్తవ బోధ విన్నారు. ఆ మాటలు మనసులో నాటుకుపోయాయి. ఒంగోలుకు కూడా మిషనరీలు వస్తున్నారని తెలిసింది. అంతే.. భార్య నాగమ్మను వెంటబెట్టుకుని వచ్చేశారు. 1866లో లైమన్ జెవెట్ అనే అమెరికన్ మిషనరీ చేతుల మీదుగా ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు.

మూతపడబోయిన మిషన్

అప్పటికి ఒంగోలులో పరిస్థితి ఏంటి? నిజం చెప్పాలంటే.. ఏమీ లేదు. అమెరికా బాప్టిస్టులు నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. 1853లో తెలుగు మిషన్‌ను మూసేద్దామా అనే చర్చ కూడా అమెరికాలో నడిచింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1854 జనవరి 1న, జెవెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండెక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకు ఒక బోధకుణ్ని పంపమన్నదే వాళ్ల ప్రార్థన. అదే ఇప్పుడు ఒంగోలువాళ్లకు తెలిసిన ప్రార్థన కొండ.

పన్నెండేళ్ల తర్వాత, 1866 సెప్టెంబర్‌లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, కుర్రతనంలో భూముల సర్వే పనిచేసిన మనిషి. మన జనం నోట్లో ఆయన క్లౌ దొర. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది!

చింతతోపులో ఐదు రోజులు

బాప్తిస్మం తీసుకున్న పేరయ్య ఇంటికెళ్లి ఊరికే కూర్చోలేదు. చుట్టుపక్కల పల్లెలు తిరిగి, తను విన్నది చెప్పారు. గురువుగా తనను నమ్మినవాళ్లకు, బంధువులకు, తోళ్ల బేరంలో పరిచయమైనవాళ్లకు చెప్పారు. మా ఊరు రండి, జనం ఎదురుచూస్తున్నారని దొరకు కబురు పెట్టారు.

1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి, ఊరి దగ్గర చింతతోపులో గుడారం వేశారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడామగా అంతా తిండి మూటలు, మార్చుకోవడానికి బట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. నమ్మాం, బాప్తిస్మం ఇవ్వండని ముందే సిద్ధపడి వచ్చారన్నమాట. ఐదు రోజులు ఆ చెట్ల కిందే మాటలు, ప్రశ్నలు, ప్రార్థనలు. చివరికి 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎనిమిది మంది ఉన్న సంఘం ఒక్కసారిగా నాలుగు రెట్లు దాటింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ 28 మందిని తయారుచేసింది దొర కాదు. పేరయ్య.

ఆ మూడు నియమాలు ఏంటి?

చదువు రాని జనం. బైబిల్ చేతికిచ్చినా చదవలేరు. మరి వీళ్లు క్రైస్తవులని ఎలా తెలుస్తుంది? దానికి పల్లెల్లో మూడు గుర్తులు స్థిరపడ్డాయి. ఒకటి, ఆదివారం పని చేయకూడదు. రెండు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. మూడు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి చాలా చిన్నగా ఉన్నాయి కదా? కానీ ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఇంట్లో తలుపేసుకుని పాటించేది కాదు. మూడూ ఊరందరి కళ్ల ముందు జరిగేవే. మూడూ ఊరితో ఉన్న లావాదేవీకి తగిలేవే. ఎలాగో చూద్దాం.

ఊళ్లో గొడ్డు చస్తే దాన్ని లాక్కెళ్లడం మాదిగల పని. తోలు తీసి రైతుకు చెప్పులు, బావి తోడే మోట బాన చేసివ్వాలి. ఆ మాంసమే వాళ్లకు దక్కే తిండి. ఆ తిండి పేరుతోనే ఊరు వాళ్లను అంటరానివాళ్లుగా చూసింది. దాన్ని మానేయడమంటే.. కరవు నెలల్లో ఊరికే దొరికే కూడు వదులుకోవడం. అదే సమయంలో తరతరాల అవమానానికి కారణంగా చూపించిన దాన్ని తమ చేత్తో తాము తీసి పారేయడం కూడా.

జాతర వస్తే డప్పు కొట్టాల్సింది వాళ్లే. అమ్మవారికి బలిచ్చిన దున్నపోతు మాంసంలో వాళ్లకు వాటా ఉండేది. విగ్రహాలకు మొక్కం అన్నారంటే డప్పు ఆగిపోతుంది. డప్పు లేకపోతే జాతర ఎలా? అమ్మవారికి కోపమొచ్చి కలరా, మశూచి వస్తే ఎవరిది బాధ్యత? ఊరి భయం అది.

ఇక ఆదివారం. దుక్కికి, కోతకు రైతు పిలిస్తే వెళ్లాలి. కళ్లంలో కొలిచి ఇచ్చే మేర గింజలే వాళ్ల బతుకు. వారంలో ఒకరోజు రాలేమని చెప్పడం అప్పట్లో కూలీ నోట వినిపించే మాటే కాదు.

ఊరు ఊరుకుందా?

ఊరుకోలేదు. చాలా చోట్ల కరణం, మునసబు పిలిపించి బెదిరించారు. మాట వినకపోతే నీళ్లు తెచ్చుకునే దారి మూసేశారు. చాకలి రాలేదు, మంగలి రాలేదు. అంగట్లో సరుకు అమ్మలేదు. కొట్టారు. లేనిపోని కేసులు పెట్టి కోర్టులకు తిప్పారు. ఇలాంటి సంఘటనలు ఒక్క ఊళ్లో కాదు, పల్లె తర్వాత పల్లెలో జరిగాయి.

ఇక్కడే పేరయ్య లాంటి బోధకుల పని కీలకమైంది. దొర ఒంగోలులో ఉంటాడు. పల్లెలో దెబ్బలు తిన్నవాడి పక్కన రాత్రి కూర్చోవాల్సింది ఎవరు? అదే పల్లెలో పుట్టి, అదే అవమానం పడ్డ మనిషే. పేరయ్య ఊరూరా తిరిగి చేసింది అదే. ఆయన చెప్పిన మాటకు బలం ఎక్కడినుంచి వచ్చిందంటే.. ఆయన కూడా తోళ్లు మోసినవాడే. ఆ పల్లె తిండి, ఆ పల్లె కష్టం తెలిసినవాడే. ఇతరులను మానేయమన్నది ముందు తను మానేసినవాడే.

దొర ముందు కఠిన ప్రశ్న

దాదాపు అదే కాలంలో ఒంగోలులో ఇంకో చిక్కు వచ్చింది. మొదట్లో బ్రాహ్మణులు, ఇతర పెద్దకులాలవాళ్లు క్లౌ దగ్గరికి బాగానే వచ్చేవారు. బడికి పిల్లల్ని పంపారు. కానీ మాదిగలను చేర్చుకుంటే మేం రామని తేల్చి చెప్పేశారు. ఇటు పేదలు.. అటు పలుకుబడి ఉన్నవాళ్లు. ఎటు వెళ్లాలి?

క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేర్వేరు గదుల్లో ఉండి బైబిల్ తెరిస్తే, ఇద్దరికీ ఒకటే భాగం కనిపించిందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఒకటో అధ్యాయంలో, లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. దాంతో నిర్ణయం జరిగిపోయింది. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు. మాదిగ పల్లెలకు తలుపు తెరుచుకుంది.

మూడు నియమాలు పాటించి పల్లెవాళ్లు చూపించిన విధేయతకు దొర వైపు నుంచి వచ్చిన జవాబు ఇదని చెప్పుకోవచ్చు. వాళ్లు తిండి, మేర వదులుకున్నారు. ఈయన పలుకుబడి వదులుకున్నారు.

కరవు.. కాలువ.. బాప్తిస్మాలకు బ్రేక్

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరవు పట్టి పీడించింది. వరసగా వానలు లేవు. లక్షల మంది చనిపోయారు. అప్పుడు క్లౌ తన పాత సర్వే చదువును వాడారు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలీ ఇప్పించారు. పల్లె బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు తవ్వకం, విరామంలో బోధ.

కానీ ఇక్కడే అసలు ట్విస్ట్! జనం బాప్తిస్మం అడుగుతుంటే క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపేశారు. ఎందుకు? గింజల కోసం మతంలో చేరారనే మాట రాకూడదని. అన్నం పెట్టేవాడి మాటకు తలూపడం వేరు, నమ్మి నడవడం వేరు. ఆ రెండింటికీ తేడా తెలియాలంటే అన్నం ఆగిపోయాక చూడాలి. అదే చేశారు. 1878లో సాయం ముగిసే దశలో, డబ్బు సాయం కోసమైతే రావద్దని బోధకుల ద్వారా స్పష్టంగా చెప్పించారు.

అయినా వచ్చారు. ఒకరిద్దరు కాదు, వేలల్లో!

ఒక్కరోజులో 2,222 మంది

ఒంగోలుకు ఉత్తరాన దాదాపు పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం చేరారు. ఏ పల్లె బోధకుడు ఆ పల్లెవాళ్లను పిలుచుకుని వచ్చారు. ఎవరు నిజంగా నమ్మారో, ఎవరి నడక మారిందో చెప్పాల్సింది ఆ బోధకులే. ఎందుకంటే వాళ్లకే తెలుసు.

1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. పొద్దున మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం కాస్త ఆపి, సాయంత్రం దాకా సాగింది. ఆ రోజు క్లౌ స్వయంగా ఒక్కరికి కూడా ఇవ్వలేదు. మూడు రోజుల్లో కలిపి 3,536 మంది. ఆ ఏడాది జూన్ నుంచి డిసెంబర్ వరకు 9,606 మంది. పదకొండేళ్ల కిందట ఎనిమిది మందితో మొదలైన సంఘం, సభ్యుల లెక్కలో ప్రపంచంలోనే అతిపెద్ద బాప్టిస్టు సంఘాల వరసలోకి వెళ్లింది.

ఆయన కథ మనకెలా తెలిసింది?

క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి ఉంది, జెవెట్ పేరు మీద చర్చి ఉంది. పేరయ్య బతుకు మనకు తెలియడానికి ముఖ్య కారణం క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. మాదిగ పెద్దల నోట విన్న కథలను కూర్చి ఆమె 1899లో ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం వేశారు. దాని పేరుకు అర్థం.. చెప్పులు కుట్టుకుంటూ అని. అందులో పేరయ్య, ఆయన తరం మనుషులు కనిపిస్తారు.

పేరయ్య పెద్ద గుడి కట్టలేదు. ఆస్తులు కూడబెట్టలేదు. ఆయన చూపించింది ఒక్కటే. విశ్వాసం ఉందని చెప్పుకోవడానికి పొద్దున కంచంలో ఏముందో, జాతర రోజు చేతిలో ఏం లేదో, ఆదివారం కాళ్లు ఎటు నడిచాయో చాలు. పల్లెలో ఎవరూ ఎవరినీ అడగలేదు. చూశారు, గుర్తుపట్టారు.

ఈసారి ఒంగోలు నుంచి ఉత్తరానికి హైవే మీద వెళ్తూ గుండ్లకమ్మ వంతెన దాటేటప్పుడు ఒక్కసారి కిందకు చూడండి. ఆ నీళ్లలోకి వేల మంది దిగారు. వాళ్లకు దారి వేసినవాళ్లలో మొదటివాడు తాళ్లకొండపాడు తోళ్ల వ్యాపారి.