మీ ఆల్బంలో మొదటి పేజీ సి.కె. నాయుడుగారిది



మొన్న మధ్యాహ్నం విరామంలో ఏడో తరగతి పిల్లలు కొందరు వేపచెట్టు కింద క్రికెటర్ల కార్డులు మార్చుకుంటూ కనబడ్డారు. నన్ను చూసి దాచేశారు. నేనేమీ లాక్కోలేదు, అడిగి తీసుకుని ఒక్కొక్కటీ చూశాను. ఈ కాలం ఆటగాళ్లంతా ఉన్నారు. సి.కె. నాయుడు మాత్రం లేరు. ఆయనెవరు సార్ అని అడిగారు. అందుకే ఈసారి నోటీసులతో పాటు ఇది రాస్తున్నాను.

ముందు కార్డుల సంగతి. అమెరికాలో, ఇంగ్లండులో వందేళ్లకు ముందే సిగరెట్ పెట్టె నలక్కుండా లోపల ఒక చిన్న అట్టముక్క పెట్టేవారు. దానిమీద ఆటగాళ్ల బొమ్మలు వేయడం మొదలైంది. పిల్లలు పెద్దవాళ్ల దగ్గర అవి అడిగి దాచుకునేవారు. 1909 నాటి హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి 2022లో 72 లక్షల డాలర్లకు పైగా పలికింది. అచ్చయినవే తక్కువ, మిగిలినవి ఇంకా తక్కువ. ధర అందుకే. మన దేశంలో ఆ అలవాటు అంతగా లేదు. మన తొలి ఆటగాళ్లు మనకు మిగిలింది జట్టు ఫొటోల్లో, పాత పత్రికల కాగితాల్లో.

నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. పూర్వీకులది మచిలీపట్నం. తండ్రి సూర్యప్రకాశరావుగారు వకీలు. అంటే బయట వేరే భాష, ఇంట్లో తెలుగు. బీదర్‌లో ఉన్న మీకు ఆ సంగతి నేను విడమరచి చెప్పాలా?

1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి పెద్ద మ్యాచ్ ఆడారు. మొదటి మూడు బంతులు ఆపి, నాలుగోది సిక్సర్ కొట్టారని చెబుతారు. 1923లో హోల్కర్ మహారాజు ఆయన్ని ఇండోర్ పిలిపించి తన సైన్యంలో హోదా ఇచ్చారు. కర్నల్ సి.కె. అన్న పిలుపు అలా వచ్చిందే.

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటలైనా పట్టకుండా 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! దొరల జట్టుని ఒక భారతీయుడు అలా బాదడం జనానికి ఉత్త ఆటగా అనిపించలేదు. ఎం.సి.సి. వాళ్లే ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు. బిద్రీ పని చేసే ఇళ్ల పిల్లలు మన బడిలో ఉన్నారు, వెండి విలువ వాళ్లకే బాగా తెలుసు.

1932లో మన దేశం మొదటి టెస్టు ఆడింది, జూన్ 25న, లార్డ్స్ మైదానంలో. పర్యటనకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. ఆయన తన ఆట తనకే తెలిసి పక్కకు తప్పుకున్నారు (గొప్ప పని అని నా అభిప్రాయం). అలా 36 ఏళ్ల నాయుడుగారు మన తొలి టెస్టు కెప్టెన్ అయ్యారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా బ్యాటింగుకు దిగి 40 కొట్టారు. ఆ ఇన్నింగ్స్‌లో మనవాళ్లలో అదే ఎక్కువ. 158 పరుగులతో ఓడిపోయాం. ఆ జట్టు ఫొటో ఎక్కడైనా దొరికితే తప్పకుండా చూడండి. పొడుగ్గా, నిటారుగా ఉన్న మనిషే ఆయన.

తర్వాత కెప్టెన్సీ విజయనగరం రాజకుమారుడికి వెళ్లింది. ఆయనా తెలుగువారే, కానీ ఆటలో నాయుడుగారికి సాటి కాదు. ఆ గొడవల్లోకి ఇక్కడ వెళ్లను. 1936లో ఓవల్ మైదానంలో చివరి టెస్టు, చివరి ఇన్నింగ్స్. అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా నిలబడి 81 చేశారు. మొత్తం ఆడిన టెస్టులు ఏడే.

1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనలో కనబడ్డారు. ఒక వస్తువుకి ప్రచారం చేసిన మొదటి భారతీయ క్రికెటర్ ఆయనే అంటారు. అలాంటి పత్రిక కాగితమే మన దగ్గర కార్డు లెక్క.

50 ఏళ్ల వయసులో హోల్కర్ తరఫున బరోడా మీద 200 కొట్టారు. 1953-54లో కొత్త ఆంధ్ర జట్టుకు రంజీలో నాయకత్వం వహించారు. 61 దాటాక కూడా రంజీ ఆడారు. పద్మభూషణ్ అందుకున్న తొలి క్రికెటర్ ఆయనే. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఇక నా తప్పు ఒకటి. చిన్నప్పుడు పేపర్లలో ఆటగాళ్ల బొమ్మలు కత్తిరించి, మైదా ఉడకబెట్టిన జిగురుతో నోటుబుక్కులో అతికించేవాణ్ని. నాయుడుగారి బొమ్మా ఒకటుండేది. రెండు వానాకాలాలు గడిచాక తెరిస్తే జిగురు కోసం వచ్చిన పురుగులు బొమ్మల్ని కూడా తినేశాయి. ఆయనవి భుజాలు, టోపీ మిగిలాయి. అలాంటిది మళ్లీ నాకు దొరకలేదు.

కాబట్టి పిల్లలూ, జిగురు వద్దు. కాగితం మూలలు చేసి అందులో ఫొటో గుచ్చండి. వెనక పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాయండి, పెన్నుతో రాయకండి. ఎండ తగిలే గోడకు పెట్టకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో పాత ట్రంకుపెట్టెల్లో తాతల కాలం నాటి ఆటల ఫొటోలు, జట్టు ఫొటోలు, పత్రిక కత్తిరింపులు ఉంటే శనివారం బడికి పంపండి. కబడ్డీ, కుస్తీ, హాకీ ఏదైనా సరే. కంప్యూటర్ గదిలో స్కాన్ చేసి, అదే రోజు పిల్లల చేతికి కాకుండా మీ చేతికే తిరిగి ఇస్తాం.