తపాలా గుమాస్తా హోల్బోల్

తపాలా బిళ్ళలను సేకరించు మిత్రులు మన కార్యాలయములలో పెక్కురు కలరు. తపాలా చెల్లుబాటు లేని చిన్న బిళ్ళ యొకటి పాత కవరుపై ముద్ర పడి కనిపించినచో వారు పొందు ఆనందము అన్యులకు వింతగా తోచును. ఉత్తరమును ఒక్క అడుగైనను ముందుకు నడపజాలని అట్టి బిళ్ళను కల్పించినవాడు రాజు కాడు, మంత్రి కాడు, మనవంటి ప్రభుత్వోద్యోగియే.

ఎయినార్ హోల్బోల్ 1865వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన, అనగా క్రిస్మస్ ముందునాడు, డెన్మార్కున జన్మించెను. తపాలా శాఖలో గుమాస్తాగా పనిచేయుచుండెను. 1903లో పండుగ ఉత్తరములు గుట్టలుగా వచ్చిపడుచుండగా ఆయనకు ఒక ఊహ కలిగెను. ప్రతి ఉత్తరముపైన స్వల్పమైన వెలగల మరియొక బిళ్ళ అంటించినచో, ఆ ధనముతో క్షయపీడితులైన పిల్లలకు చికిత్సాలయము కట్టవచ్చును గదా! కోఖ్ పండితుడు 1882లోనే క్షయ క్రిమిని కనుగొనెను గాని, స్ట్రెప్టోమైసిన్ వచ్చుటకు ఇంకను నలువది యేండ్లు పట్టెను. అంతవరకు మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే మందులు. బీదలకు దొరకనివియు ఇవియే.

ధర్మార్థము బిళ్ళలు అమ్ముట అప్పటికి క్రొత్త కాదు. విక్టోరియా రాణి వజ్రోత్సవ సందర్భమున, 1897లో, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ వలస ప్రభుత్వము క్షయరోగుల ఆశ్రమము కొరకు రెండు బిళ్ళలు వెలువరించెను. పెన్నీ బిళ్ళను షిల్లింగునకు, రెండున్నర పెన్నీల బిళ్ళను రెండున్నర షిల్లింగులకు అమ్మిరి. అనగా తపాలా విలువకు పండ్రెండు రెట్లు! సామాన్యుడు అంత పెట్టి ఉత్తరము వ్రాయునా? అందుచేతనే వాటితో నిజముగా ప్రయాణము చేసిన కవరులు అరుదైనవి. హోల్బోల్ త్రోవ వేరు. ఆయన బిళ్ళ వెల రెండు ఓర్‌లు మాత్రమే. అది తపాలా రుసుమునకు బదులు కాదు గనుక ఖజానాకు నష్టము లేదు. పైయధికారులు సమ్మతించుటకు ఈ అంశమే ఎక్కువగా తోడ్పడియుండునని, ఫైళ్ళ నడుమ బ్రతుకు మనము ఊహింపవచ్చును.

తొమ్మిదవ క్రిస్టియన్ రాజు ఆమోదించెను. దివంగతురాలైన లూయీ రాణి చిత్రముతో 1904లో తొలి బిళ్ళ వెలువడెను. ఆ యేడు నలువది లక్షలకు పైగా అమ్ముడుపోయెను. 1911లో కోల్డింగ్ పట్టణము చెంత పిల్లల చికిత్సాలయము తెరువబడెను.

డెన్మార్కునుండి వచ్చిన ఉత్తరముపై ఈ బిళ్ళను చూచిన జేకబ్ రీస్, 1907లో అమెరికా పత్రికలో వ్యాసము వ్రాసెను. ఆయన డేనిష్ జాతీయుడు. సోదరులను పెక్కురిని క్షయకు పోగొట్టుకొన్నవాడు. అది చదివి ఎమిలీ బిసెల్ అను మహిళ 300 డాలర్లు కూడబెట్టదలచి అట్టి సీళ్ళు అచ్చొత్తించగా, దానికి పదిరెట్లు వచ్చెను. ఆ సంవత్సరమే డేనిష్ వెస్టిండీస్ వలస ద్వీపములకును ప్రత్యేకముగా సీలు వెలువడెను. 1917లో ఆ ద్వీపములు అమెరికాకు విక్రయింపబడెను. అందువలన ఆ పదేండ్ల కవరులను సేకర్తలు వెదకి పట్టుదురు. బిళ్ళపైన, కవరుపైన ముద్ర ఒక్కటిగా పడియుండుటయే దాని విలువ. నీట నానబెట్టి ఊడదీసినచో ఆ సాక్ష్యము నశించును. ఇంటిలో తాతల నాటి ఉత్తరములున్నవారు కత్తెర పట్టుటకు ముందు ఈ మాట తలచుకొందురుగాక.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమును తీర్చిదిద్దిన ఫ్రిమోట్ మోలర్ వైద్యుడును డెన్మార్కు దేశీయుడే. భారత క్షయ నివారణ సంఘము వారు తరువాతి కాలమున టి.బి. సీళ్ళు అమ్మినపుడు, వాటిని కొని కవరులపై అంటించిన మన ఉద్యోగులలో ఎందరికి హోల్బోల్ పేరు తెలియునో!

ఆయన 1927లో మరణించెను. ఆ యేటి డేనిష్ క్రిస్మస్ సీలుపై ఆయన చిత్రమునే ముద్రించిరి. 1955లో బెల్జియము, క్షయ నివారణ నిధికై వెలువరించిన ధర్మార్థ బిళ్ళలలో ఒకదానిపై ఆయన ముఖమును నిలిపెను. ఈ బిళ్ళకు మాత్రము తపాలా చెల్లుబాటు ఉండెను.