మీసాల నాగమ్మ నుంచి శ్రీకృష్ణుడి దాకా

మన ఉస్మానియా నుంచి ఉప్పల్ రోడ్డు మీద వెళుతూ హబ్సిగూడ దగ్గర ఎడమకు తిరిగితే నాచారం. అక్కడి రామకృష్ణా స్టూడియోను 1976లో స్థాపించిన నందమూరి తారక రామారావు గారు తెలుగువారి కళ్లకు సాక్షాత్తూ శ్రీకృష్ణుడు. అయితే ఆ రూపం ఒక్కనాటితో సిద్ధించలేదు.

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో జన్మించిన రామారావు బెజవాడ కాలేజీలో చదివే రోజుల్లో, విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయనకు నాటకంలో నాగమ్మ వేషం ఇచ్చారు. మీసం తీయనంటే తీయనన్నాడు కుర్రాడు. అలాగే స్టేజీ ఎక్కి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నాడు. నవ్వారని మాత్రం నాటకాలు మానలేదు. 1949లో ‘మనదేశం’లో ఇన్‌స్పెక్టరు వేషం వేసి, లాఠీచార్జి సీనులో నటన సంగతి మరచి నిజంగానే బాదేశాడు!

1954లో ‘ఇద్దరు పెళ్లాలు’లో కృష్ణుడిగా కనిపిస్తే జనం ఎగతాళి చేశారు. అందుకే ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి గారు మళ్లీ అదే వేషం వేయమంటే రామారావు వెనుకాడారు. రెడ్డిగారు పట్టు వదల్లేదు. అలంకరణ మీద ప్రత్యేక శ్రద్ధ తీసుకుని ఒప్పించారు. 1957లో ఆ చిత్రం వచ్చాక జరిగింది అందరికీ తెలుసు. మొదటి కృష్ణుడిలోని లోపాలే రెండో కృష్ణుణ్ణి తీర్చిదిద్దాయి.

నలభయ్యో ఏట ‘నర్తనశాల’లో బృహన్నల కోసం వెంపటి చినసత్యం గారి దగ్గర శిష్యుడిలా కూచిపూడి నేర్చుకున్నారు. 1977 సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’ విడుదల చేశారు. నిర్మాత, దర్శకుడు ఆయనే. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు కూడా ఆయనే! నాలుగు గంటలకు కాస్త తక్కువ నిడివి గల చిత్రాన్ని 43 పనిదినాల్లో ముగించారు. ఆ తొందరలో యుద్ధ దృశ్యాల ఆర్భాటం తగ్గిందేమో గాని, ఆ దుర్యోధనుడి డైలాగులు నేటికీ మన హాస్టల్ గదుల్లో మోగుతూనే ఉన్నాయి.

1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. ఆయన శ్రద్ధలో లోటు చేయలేదు; లోటు ఉందని పని ఆపనూ లేదు. ఈ రెండూ ఒకటి కావు. బాగా రాలేదని కవితలు చించేసుకునే మిత్రులూ, నవ్వుతారని స్టేజీ ఎక్కని మిత్రులూ మనలో ఎందరో! మొదటి వేషం వేయనివాడికి రెండో వేషం ఎక్కడిది?