ఆల్బట్రాసుల దీవిలో రాబర్ట్ మర్ఫీ

పక్షులను జూచుటకై లోకపు దక్షిణపు కొసవఱకు బోయిన శాస్త్రజ్ఞులలో రాబర్ట్ కుష్‌మన్ మర్ఫీ మిక్కిలి పేరు గాంచినవాడు. ఆయన 1887వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించెను. 1911లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై వస్తుప్రదర్శనశాలలో ఉద్యోగమున జేరెను. 1912 ఫిబ్రవరిలో గ్రేస్ బార్‌స్టో అను యువతిని వివాహమాడెను. కొలది నెలలకే ఎడబాటు కలిగెను. దక్షిణ జార్జియా దీవికి బోవలెనని ఆయనను ప్రోత్సహించినది గ్రేసే. ఆమె వలదన్నచో ఈ కథయే లేకపోయెడిది.

ఆయన యెక్కిన డెయిజీ యను తెరచాపల ఓడ శాస్త్రయాత్రలకు గట్టినది గాదు. తిమింగిలములను, సీళ్లను జంపి, కొవ్వు గరగించి, నూనెను పీపాల కెత్తుటయే దాని పని. 1912 నవంబరులో ఆ ఓడ దీవిని జేరెను. దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రములో సుమారు 100 మైళ్ల పొడవున మంచుకొండలతో నిండిన ఆ దీవిలో చెట్టన్నది లేదు. ఒడ్డున ఎత్తైన గడ్డిదుబ్బులు మాత్రమే కలవు.

అచటి బే ఆఫ్ ఐల్స్ అను అఖాతమున మర్ఫీ తన చిన్న పడవలో తిరుగాడెను. ఆ పడవకు గూడ భార్యపేరే పెట్టుకొనెను! చిన్న దీవులపై ఆల్బట్రాసులు గూళ్లు గట్టుచుండెను. ఒక్కొక్క పక్షి రెక్కలు విప్పినచో ఈ కొననుండి ఆ కొనకు 10 అడుగులకు మించును. జంట పక్షులు ఎదురెదురుగా నిలిచి, రెక్కలు చాచి, ముక్కులు టకటక లాడించుచు నృత్యము సేయును. మనుష్యుడు చెంతనున్నను వానికి భయము లేదు. అవి పెట్టునది ఒకే గ్రుడ్డు. పిల్ల యెగురుటకు ఇంచుమించు ఏడాది పట్టును.

ఆ భయము లేకపోవుటయే సీళ్లకు మృత్యువయ్యెను. ఏనుగు సీలు మగది వేయి వీశెలకు పైగా తూగుచు, ఒడ్డున కదలలేక పడియుండును. నావికులు వానిని వందలకొలది జంపిరి. ఆ వేట సాగించు ఓడలోనే మర్ఫీ తినెను, నిద్రించెను. ఆయనయు ప్రదర్శనశాలకై పక్షులను జంపి చర్మములు సేకరించినవాడే. ఈ సంగతిని దాచరాదు. కాని తాను జూచిన వేట యేమి చేయుచున్నదో దాచక వ్రాసెను. 1918లో సీళ్ల వేటపై వ్యాసము ప్రకటించెను.

తరువాతి జీవితము గ్రంథరచనలోను, పరిశోధనలోను గడచెను. 1936లో దక్షిణ అమెరికా సముద్ర పక్షులపై మహాగ్రంథము వెలువడెను. 1951లో, నశించినదని మూడు శతాబ్దములుగా తలచిన కహావ్ పక్షిని బెర్ముడాలో తిరిగి కనుగొన్నవారిలో ఆయన యొకడు. 1957లో డీ.డీ.టీ. మందు చల్లుటకు ప్రతికూలముగా పొరుగువారితో గలసి వ్యాజ్యము వేసి యోడిపోయెను. 1973లో మరణించెను.

దక్షిణ జార్జియాలో సీళ్ల వేట 1964లో ముగిసెను. మర్ఫీ కాలమున ఆ అఖాతపు టొడ్డున రాజ పెంగ్విన్‌లు కొన్ని వందలే. నేడు పదివేలకొలదిగా నున్నవి. ఓడలలో యాత్రికులు వచ్చి చూచి పోవుచున్నారు. ఆల్బట్రాసులు మాత్రము దూరసముద్రములలో చేపల గాలములకు జిక్కి తగ్గుచున్నవి. 2023లో పక్షుల జ్వరము సోకి ఏనుగు సీళ్లు విశేషముగా మరణించినవి.

ఆ యాత్రలో మర్ఫీ దినదినమును భార్యకై వ్రాసిన దినచర్య 1947లో పుస్తకమయ్యెను. ఆ అఖాతము చెంతనున్న యొక హిమానీనదమునకు ఆయన పెట్టిన గ్రేస్ అను పేరు నేటికిని పటములలో నున్నది.