మహలనోబిస్: కంప్యూటర్ కంటే ముందే డేటాకు కట్టుబాట్లు నేర్పిన మనిషి

కోల్‌కతాలో వాట్‌గంజ్ అంటే రేవు ప్రాంతం. 1780 ప్రాంతంలో ఇక్కడ ఓడల డాక్ కట్టడానికి పూనుకున్న కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఈ పేటకు మిగిలింది. పక్కనున్న ఖిదిర్‌పూర్ డాకుల నుంచి బెంగాల్ జనపనార ప్రపంచమంతా వెళ్లింది. ఓడకెక్కే బేళ్లను లెక్కపెట్టడం తేలికే. ఇంకా పొలంలోనే ఉన్న పంట ఎంతో చెప్పడం కష్టం. ఆ లెక్క కోసం ప్రశాంత చంద్ర మహలనోబిస్ తయారుచేసిన పద్ధతే దేశంలో పెద్దయెత్తు డేటా వ్యవస్థలకు పునాది అయింది.

1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టిన ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జ్‌లో భౌతికశాస్త్రం చదివారు. అక్కడే శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కుదిరింది. ఇంటికి తిరిగొచ్చే ముందు కంటపడిన 'బయోమెట్రికా' పత్రిక సంపుటాలు ఆయన్ను గణాంకశాస్త్రం వైపు తిప్పాయి. ప్రెసిడెన్సీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో అక్కడే చేరారు.

జనపనార సర్వే 1937లో ప్రయోగంగా మొదలైంది. అన్ని పొలాలూ తిరగకుండా కొన్నిటినే ఎంచుకుని మొత్తం పంటను అంచనా కట్టడం అప్పటికి చాలామందికి నమ్మశక్యం కాని సంగతి. మహలనోబిస్ తన లెక్కను తానే పరీక్షించుకునే ఏర్పాటు చేశారు. ఒకే ప్రాంతానికి విడివిడిగా రెండు శాంపిళ్లు, రెండు బృందాలు. ఒకరి లెక్క మరొకరికి తెలియదు. రెండు ఫలితాలకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. తప్పు దొరికే మార్గాన్ని డిజైన్‌లోనే పెట్టడం ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులకు కొత్త కాదు. 1940లలో ఒక ఏడాది ప్రతి పొలం తిరిగి చేసిన లెక్కలో సుమారు 63 లక్షల బేళ్లు తేలాయి. శాంపిల్ సర్వే 75.4 లక్షలంది. చివరికి వాణిజ్య, కస్టమ్స్ లెక్కల్లో తేలింది 75.6 లక్షలు.

1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలయ్యాక ఇదే పద్ధతి దేశమంతటా అమలైంది. సేర్లు, మణుగులు, బిఘాలు, ఎకరాలు, ఎన్నో భాషలు. ముందుగా ఉమ్మడి నిర్వచనాలు కావాలి. కుటుంబమంటే ఒకే వంటింటి భోజనం తింటూ కలిసి ఉండేవారని తేల్చడం అలాంటిదే. ఆ మాట ఊరికో అర్థమిస్తే ఏ యంత్రమూ ఆ డేటాను బాగుచేయలేదు.

యంత్రాలూ వచ్చాయి. 1953లో ఇన్‌స్టిట్యూట్‌లోనే ఒక అనలాగ్ కంప్యూటర్ తయారైంది. తర్వాత బ్రిటన్ నుంచి హెచ్‌ఈసీ-2ఎం, దశాబ్దం చివర్లో సోవియట్ యూనియన్ నుంచి ఉరాల్ వచ్చాయి. ఒకదానికి రాసిన ప్రోగ్రామ్ ఇంకోదానిపై నడిచేది కాదు. వ్యాపార ప్రోగ్రామింగ్‌కు అమెరికాలో కోబాల్ ప్రమాణం ఖరారైంది 1968లో. ఈలోపు, 1966లో, జాదవ్‌పూర్ యూనివర్సిటీతో కలిసి ఇన్‌స్టిట్యూట్ సొంత డిజిటల్ కంప్యూటర్ ఐఎస్‌ఐజేయూ-1ను నిర్మించింది.

మహలనోబిస్ చెప్పినవన్నీ నిలబడలేదు. చిన్న మడుల్లో కోసి చూస్తే దిగుబడి అంచనా ఎక్కువ వస్తుందన్న పి.వి.సుఖాత్మే విమర్శలో బలం ఉంది. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన ఆయన రెండో పంచవర్ష ప్రణాళిక నమూనాపై వాదాలు ఇప్పటికీ ఆగలేదు. 1970లలో సర్వే బాధ్యత ఇన్‌స్టిట్యూట్ చేతుల్లోంచి ప్రభుత్వ సంస్థకు మారింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక రోజు ముందు, ఆయన కన్నుమూశారు. ఇన్‌స్టిట్యూట్ పగ్గాలు సి.ఆర్.రావు అందుకున్నారు.

2007 నుంచి ఆయన పుట్టినరోజును గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. 2019లో మాత్రం కేంద్రం, 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యత బాగాలేదంటూ పక్కన పెట్టేసింది. ఫలితాలు బయటికి రాకపోతే అవి తప్పో ఒప్పో బయటివాళ్లు పరీక్షించే వీలుండదు. మహలనోబిస్ తన జనపనార లెక్కకు అలాంటి రక్షణ కోరలేదు. దాన్ని పక్క బృందం లెక్కతో, వర్తకుల లెక్కతో పోల్చి చూడనిచ్చారు.