నీటిలో నీలిరంగు వెంట నడిచి ప్రాణశక్తి మూలం పట్టిన ఎల్లాప్రగడ

విజయవాడ: కొల్లేటికి ఆవల ఉన్న భీమవరం నేడు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. అయితే 1904 నుంచి 1925 వరకు ఆ తాలూకా కృష్ణా జిల్లాలో అంతర్భాగం. జీవరసాయన శాస్త్రాన్ని మలుపు తిప్పిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు ఓడ ఎక్కేనాటికి ఆయన పుట్టిన ఊరు బందరు కలెక్టరు ఏలుబడిలోనే ఉంది. కనుక కృష్ణా జిల్లా కూడా ఆయనను తన బిడ్డగా చెప్పుకోవడంలో తప్పులేదు. ఆ సంగతి తెలిసినవారే తక్కువ.

సుబ్బారావు 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. రెవెన్యూ ఉద్యోగి అయిన తండ్రి అనారోగ్యంతో కొలువు వదులుకోవడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని బాలుడు ఇల్లు విడిచి వెళ్లగా, తల్లి పట్టుబట్టి వెనక్కు రప్పించి బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలులో చదివి మూడోసారి గట్టెక్కారు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చదువు సాగింది. గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే చేతికొచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. సోదరులు ఇద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో కన్నుమూశారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే రోగమది. వైద్యం చదివినవాడు ఇంట్లో ఉండి కూడా చేయగలిగింది లేకపోయింది. 1920ల తొలినాళ్లలో ఆయన బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నపనులు చేసుకుంటూ హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందారు. అనంతరం సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన విభాగంలో చేరారు.

రంగు ముదిరిన వైనం

మనిషి కండరంలో దాదాపు ముప్పాతిక వంతు నీరే. ప్రాణి చేసే రసాయన వ్యాపారమంతా ఆ నీటిలోనే జరుగుతుంది. అందులోని భాస్వరాన్ని కచ్చితంగా కొలవడం ఫిస్కే, సుబ్బారావుల తొలి కార్యం. పరీక్షించవలసిన ద్రావణానికి ఆమ్లాన్ని, మాలిబ్డేట్ లవణాన్ని కలిపి, పిదప క్షయకరణిని చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఈ పద్ధతి 1925లో ప్రచురితమైంది.

దీనినే కండర రసానికి వర్తింపజేసినపుడు చిత్రం జరిగింది. రంగు ఒక్కసారిగా తేలక, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. మరొకరైతే ప్రయోగదోషమని పారబోసేవారేమో. వారు మాత్రం భాస్వరం మరొక పదార్థానికి అంటిపెట్టుకుని ఉండి, ఆమ్లం కలిసిన నీటిలో మెల్లగా విడివడుతోందని గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని లోకానికి తెలిపారు. 1929లో ఎ.టి.పి.ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతం ఈ పరిశోధనలతో కూలడం మొదలైంది. ఆ సిద్ధాంతంతో ముడిపడిన పరిశోధనలకు 1922 నోబెల్ బహుమతి లభించిందన్నది గమనార్హం.

ఎ.టి.పి.లో మూడు ఫాస్ఫేట్లు గొలుసుగా ఉంటాయి. తగిన ఎంజైము సమక్షంలో ఒక నీటి అణువు వచ్చి చివరి ఫాస్ఫేటును తెంచుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. అపుడు మోలుకు సుమారు 7.3 కిలోకేలరీల శక్తి వెలువడుతుంది. చేలో నారు నాటే చేయి కదలాలన్నా ఈ చర్య జరగవలసిందే. ఎంజైము తోడు లేకుంటే నీరు ఆ గొలుసును అంత తేలికగా తెంచలేదు. లేదంటే ఇంత నీరున్న కండరంలో ఆ శక్తి నిల్వ నిలిచేదే కాదు.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్కే కారణంగా వెలుగు చూడక, ఏళ్ల తర్వాత ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చిందని 1988 నోబెల్ గ్రహీత జార్జి హిచింగ్స్ తెలిపారు.

డెల్టాకు చేరిన మందు

1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగంలోని రక్తహీనతకు అదే మందైంది. నేడు పల్లెల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేదీ ఆ ఫోలిక్ ఆమ్లమే. దానికి విరుగుడుగా అక్కడే రూపొందిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలపై ప్రయోగించి, వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టడం చూశారు. దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

1947లో వెలువడిన హెట్రజాన్ సంగతి డెల్టావాసులకు మరీ దగ్గరిది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వల్ల బోదకాలు వ్యాపిస్తుంది. కాలువల సీమకు తరతరాల శాపమిది. 2004 నుంచి ప్రభుత్వం సామూహికంగా మింగించిన డి.ఇ.సి. మాత్రలు ఆ హెట్రజానే.

ఆ మందు ఇక్కడికి చేరింది గాని ఆయన తిరిగి రాలేదు. ఓడ ఎక్కిన నాటి నుంచి శేషగిరి భర్తను మళ్లీ చూడలేదు. 1948 ఆగస్టులో 53వ ఏట ఆయన నిద్రలోనే కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో తపాలాశాఖ ఆయన స్మారక బిళ్ల విడుదల చేసింది. భాస్వరాన్ని కొలిచే ఆ నీలిరంగు పద్ధతి నేటికీ వైద్య విద్యార్థుల పుస్తకాల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతోనే ఉంది.